గ్యాస్ మాస్కులు వేసుకున్న సర్ఫర్లు: బ్రిటన్ సముద్రంలో మురుగు కథ

 

ఆదివారం పొద్దున్నే బీచ్ క్లీన్ చేసే రీల్స్ మీరందరూ చూసే ఉంటారు. చేతికి గ్లవ్స్, భుజాన గోనె సంచి, చివర్లో ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అని రెండు ఫొటోలు. చూడ్డానికి బాగుంటుంది, నిజంగా మంచి పని కూడా. కానీ కింద కామెంట్లలో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది. "వచ్చే ఆదివారానికి మళ్లీ అంతే చెత్త వస్తుంది కదా బ్రో, ఏం లాభం?"

ఈ ప్రశ్నని వెటకారంగా అడిగేవాళ్లు ఉంటారు, నిజంగానే బాధతో అడిగేవాళ్లూ ఉంటారు. నేను దీనికి జవాబు కోసం చరిత్రలోకి వెళ్దాం అంటాను. అరవై ఏళ్లకు పైగా ఇదే గొడవ పడిన ఒక దేశం ఉంది. అది బ్రిటన్. అక్కడ మామూలు మనుషులు, అంటే ఒక పాప తల్లిదండ్రులు, కొంతమంది సర్ఫర్లు, సంచులు పట్టుకుని ఒడ్డున తిరిగే వాలంటీర్లు, ప్రభుత్వం మెడలు ఎలా వంచారో చూద్దాం. ఎక్కడ గెలిచారు, ఎక్కడ గెలిచాక కూడా మళ్లీ మొదటికొచ్చారు, రెండూ చెప్తాను.

పైపు ఎక్కడ తెరుచుకుంటుంది?

ముందు కాస్త వెనక్కి, 1858కి వెళ్దాం. లండన్‌లో ఆ ఎండాకాలం థేమ్స్ నది కంపు భరించలేక పార్లమెంటు సభ్యులు కిటికీ తెరలకి రసాయనం పూయించుకున్నారు. చరిత్రలో దాన్ని 'మహా దుర్గంధం' అంటారు. ఆ దెబ్బకి జోసెఫ్ బాజల్‌జెట్ అనే ఇంజనీరు చేతుల మీదుగా లండన్ కింద పెద్ద పెద్ద ఇటుక మురుగు కాలువలు వచ్చాయి. కలరా తగ్గడానికి అవి బాగా ఉపయోగపడ్డాయి. గొప్ప పనే, అందులో సందేహం లేదు.

కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ కాలువలు మురుగుని ఊరికి దూరంగా తీసుకెళ్లాయి. మాయం చేయలేదు. సముద్రం పక్కన ఉన్న ఊళ్లకైతే ఈ పని ఇంకా ఈజీ. ఒక పైపు వేసి సముద్రంలోకి వదిలేస్తే చాలు. ఉప్పు నీళ్లు, ఎండ కలిసి క్రిముల్ని చంపేస్తాయి, అలలు మిగతాది కొట్టుకుపోతాయి అని లెక్క. అందులో కొంత నిజం ఉంది కూడా. సమస్య ఏంటంటే చాలా చోట్ల ఆ పైపులు పొట్టిగా ఉండేవి. పిల్లలు ఆడుకునే ఇసుకకి కాస్త దూరంలోనే తెరుచుకునేవి. గాలి ఒడ్డు వైపు తిరిగితే వదిలిందంతా వెనక్కి వచ్చేది.

ఒక పాప, ఒక జాబితా

ఇప్పుడు 1957కి రండి. టోనీ వేక్‌ఫీల్డ్, డాఫ్నీ వేక్‌ఫీల్డ్ అనే దంపతులు. వాళ్ల ఆరేళ్ల కూతురు పోలియోతో చనిపోయింది. పోలియో వైరస్ మలం ద్వారా పాకుతుంది. మురుగు కలిసిన సముద్రంలో ఈదడం వల్లే పాపకి అది సోకిందని ఆ తల్లిదండ్రులు నమ్మారు.

మరి అధికారులు ఏమన్నారు? 1959లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వాళ్ల నివేదిక ఒకటి వచ్చింది. దాని సారాంశం ఇది. నీళ్లు కంటికి అసహ్యం పుట్టేంత మురికిగా ఉంటే తప్ప, సముద్ర స్నానం వల్ల ఆరోగ్యానికి పెద్ద ప్రమాదం లేదు. అంటే మురుగు కనిపించకపోతే నీళ్లు బాగున్నట్టే లెక్క! ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్ల పాటు ఎవరు ఫిర్యాదు చేసినా ప్రభుత్వం ఇదే నివేదికని చూపించింది.

ఇక్కడ వేక్‌ఫీల్డ్ దంపతుల పరిస్థితి ఊహించుకోండి. ఒక పాపకి ఫలానా రోజు, ఫలానా నీళ్లలో వైరస్ తగిలిందని రుజువు చేయడం దాదాపు అసాధ్యం. ఆ వాదనలోకి దిగితే జీవితమంతా కోర్టుల చుట్టూ తిరగడమే. వాళ్లు వేరే దారి పట్టారు. తీరంలో కాలుష్యానికి వ్యతిరేకంగా 'కోస్టల్ యాంటీ పొల్యూషన్ లీగ్' అని ఒక సంఘం పెట్టారు. ఏ ఊరు మురుగుని ఎక్కడ వదులుతోంది, శుద్ధి చేసి వదులుతోందా, ఊరికే వదులుతోందా అని తీరం పొడవునా వివరాలు పోగేశారు. 1960 ప్రాంతంలో దాన్ని చిన్న పుస్తకంగా వేశారు. పేరు 'గోల్డెన్ లిస్ట్'. అంటే శుభ్రమైన బీచ్‌ల బంగారు జాబితా.

చిన్న పుస్తకమే. కానీ దాని దెబ్బ చూడండి. సెలవులకి పిల్లల్ని తీసుకుని ఏ బీచ్‌కి వెళ్లాలా అని చూసే కుటుంబం చేతిలో ఆ జాబితా ఉంది. అందులో మీ ఊరు పేరు లేకపోతే మీ ఊళ్లో హోటళ్లకి, ఐస్‌క్రీమ్ బండ్లకి గిరాకీ తగ్గుతుంది. ఆరోగ్యం గురించి చెప్తే వినని మునిసిపాలిటీ, వ్యాపారం దగ్గరికొచ్చేసరికి చెవులు రిక్కిస్తుంది. ఆ జాబితాని తర్వాత మెరైన్ కన్జర్వేషన్ సొసైటీ అనే సంస్థ తీసుకుని 'గుడ్ బీచ్ గైడ్' పేరుతో కొనసాగించింది.

తలకాయలు లెక్కపెట్టిన ప్రభుత్వం

లెక్కలు జనానికే వచ్చనుకోకండి. ప్రభుత్వానికీ వచ్చు. ఈ ముక్క వింటే నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది.

1973లో బ్రిటన్ యూరోపియన్ కమ్యూనిటీలో చేరింది. 1975లో ఆ కమ్యూనిటీ స్నానాల నీటి మీద ఒక చట్టం తెచ్చింది. జనం బాగా స్నానాలు చేసే ప్రతి బీచ్‌లో నీటిని పరీక్షించాలి, బ్యాక్టీరియా ఒక హద్దు దాటకూడదు, సరిదిద్దుకోడానికి పదేళ్లు టైమ్. బాగానే ఉంది కదా? కానీ ఏది 'జనం బాగా స్నానాలు చేసే' బీచ్ అనేది తేల్చాల్సింది ఆయా దేశాలే.

బ్రిటన్ ఏం చేసిందంటే, నీళ్లలో ఉన్న తలకాయలు లెక్కపెట్టింది. ఒకే సమయంలో నీళ్లలో 500 మంది కూడా లేకపోతే ఆ బీచ్‌ని లెక్కలోకే తీసుకోలేదు. ఇంగ్లండ్ సముద్రం ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. జనం వేలల్లో ఇసుక మీద పడుకుంటారు, కాసేపు మునిగి బయటికొచ్చేస్తారు. అలా లెక్క కడితే 1979 నాటికి దేశం మొత్తం మీద తేలిన స్నానాల బీచ్‌లు ఎన్నో తెలుసా? 27. దేశంలోనే పేరుమోసిన బ్లాక్‌పూల్ బీచ్ కూడా ఆ లిస్టులో లేదు! అదే చట్టం కింద లక్సెంబర్గ్ ఇంతకంటే ఎక్కువ చోట్లని ప్రకటించింది. లక్సెంబర్గ్‌కి అసలు సముద్రమే లేదు. అవన్నీ నదులు, చెరువుల ఒడ్లు.

బీచ్ లిస్టులో లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే ఫెయిల్ అవడం లేదు. ఫెయిల్ అవకపోతే డబ్బు ఖర్చు లేదు. అర్థమవుతోందా? విమర్శకులు బ్రిటన్‌కి 'యూరప్‌లో మురికి మనిషి' అని పేరు పెట్టారు. ఒత్తిడి పెరిగి పెరిగి 1987లో జాబితా 350 దాటింది. యూరోపియన్ కమిషన్ కోర్టుకి కూడా వెళ్లింది. 1993 జులైలో యూరోపియన్ కోర్టు బ్లాక్‌పూల్, సౌత్‌పోర్ట్ బీచ్‌ల విషయంలో బ్రిటన్ చట్టాన్ని పాటించలేదని తీర్పిచ్చింది.

సర్ఫర్లు వచ్చారు

ఇక అసలు హీరోల ఎంట్రీ. ఇంగ్లండ్ నైరుతి మూలన కార్న్‌వాల్ అనే ప్రాంతం ఉంది. అలలకి ఫేమస్. 1990లో అక్కడ సెయింట్ ఆగ్నెస్ అనే ఊళ్లో, ఊరి హాల్లో, సర్ఫర్లు ఒక మీటింగ్ పెట్టుకున్నారు. క్రిస్ హైన్స్ లాంటి కొంతమంది కలిసి 'సర్ఫర్స్ అగైన్‌స్ట్ స్యూవేజ్' అనే సంఘం మొదలుపెట్టారు. పేరులోనే ఉంది, మురుగుకి వ్యతిరేకంగా సర్ఫర్లు.

సర్ఫర్లకే ఎందుకు అంత మండింది? కారణం సింపుల్. ప్రభుత్వం నీటి పరీక్షలు చేసేది ఎండాకాలంలోనే. ఇంగ్లండ్‌లో స్నానాల సీజన్ మే మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా. కానీ రబ్బరు వెట్‌సూట్ వచ్చాక సర్ఫర్లు ఏడాదంతా నీళ్లలోనే ఉంటున్నారు. మంచి అలలు వచ్చేది చలికాలంలోనే. అల మీద నుంచి పడ్డ ప్రతిసారీ నోట్లోకి, ముక్కులోకి, చెవుల్లోకి నీళ్లు. చెవి నొప్పి, గొంతు నొప్పి, వాంతులు, విరేచనాలు. పక్కనే శానిటరీ ప్యాడ్లు, కండోమ్‌లు తేలుతుంటే వాటి మధ్య సర్ఫింగ్.

వాళ్ల నిరసన స్టైలే వేరు. వెట్‌సూట్ వేసుకుని, మొహానికి గ్యాస్ మాస్క్ తగిలించుకుని, చంకలో సర్ఫ్ బోర్డు పెట్టుకుని లండన్ పార్లమెంటు ముందు నిలబడ్డారు. తోడుగా గాలి ఊదిన పెద్ద మలం బొమ్మ. అవును, మీరు విన్నది కరెక్టే. అప్పటికి ఇంటర్నెట్ జనంలోకి రాలేదు. కానీ ఏ ఫొటో పేపర్లో మొదటి పేజీకి ఎక్కుతుందో వాళ్లకి బాగా తెలుసు.

అయితే బొమ్మ ఒక్కటే అయితే జనం నవ్వి మర్చిపోయేవాళ్లు. వాళ్ల చేతిలో ఫైళ్లు కూడా ఉన్నాయి. జబ్బు పడిన వాళ్ల వివరాలు రాసుకున్నారు. ఏ పైపు ఎక్కడుందో రాసుకున్నారు. 1989లో ఇంగ్లండ్, వేల్స్‌లో నీటి సంస్థల్ని ప్రైవేటు కంపెనీలుగా మార్చారు. ఆ కంపెనీలు, పొడవాటి పైపు వేసి ఇంకా లోపలికి వదిలితే సరిపోతుంది అనేవి. సర్ఫర్లు మాత్రం పూర్తి శుద్ధి కావాలన్నారు. అంటే మూడు మెట్లు. మొదట బరువైన మడ్డిని అడుక్కి దించడం, తర్వాత మంచి బ్యాక్టీరియాతో మురుగుని తినిపించడం, చివర్లో అల్ట్రావయొలెట్ కాంతితో మిగిలిన క్రిముల్ని చంపడం. సాధ్యం కాదు అన్నవాళ్లతో టెక్నికల్‌గా వాదించేంత నేర్చుకున్నారు.

ఫలితం వచ్చింది. 1991లో పట్టణాల మురుగునీటి శుద్ధి మీద యూరోపియన్ చట్టం వచ్చింది. 1998 చివరికల్లా శుద్ధి కేంద్రాల మడ్డిని ఓడల్లో తీసుకెళ్లి సముద్రంలో పారబోయడం బ్రిటన్‌లో ఆగిపోయింది. 1980ల చివర్లో మూడింట రెండు వంతుల బీచ్‌లే కనీస ప్రమాణం అందుకునేవి. 2000 దశాబ్దం మధ్యకి 95 శాతానికి పైగా అందుకున్నాయి. ఈ ఘనత సర్ఫర్లు ఒక్కళ్లదే అనను. యూరోపియన్ చట్టం, కోర్టు, పాత గోల్డెన్ లిస్ట్, అన్నీ కలిశాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ ఖర్చు ఎవరు పెట్టారు? నైరుతి ఇంగ్లండ్‌లో దేశ జనాభాలో 3 శాతం మందే ఉంటారు. కానీ ఇంగ్లండ్ బీచ్‌లలో మూడో వంతు దాకా వాళ్ల తీరంలోనే ఉన్నాయి. సెలవులకి దేశమంతా వచ్చి ఆడుకునే బీచ్‌ల శుద్ధి భారం ఆ కొద్దిమంది నీటి బిల్లుల మీద పడింది. చివరికి 2013 నుంచి ప్రభుత్వం అక్కడ ఒక్కో ఇంటికి ఏడాదికి 50 పౌండ్లు బిల్లులో తగ్గించాల్సి వచ్చింది.

ఇయర్ బడ్ పుల్ల చెప్పిన సాక్ష్యం

మరి ఇసుక మీద చెత్త ఏరేవాళ్ల సంగతేంటి? ఇక్కడ ఒక్క నిమిషం అమెరికా వెళ్లొద్దాం.

1986లో టెక్సస్‌లో లిండా మరానిస్, కాథీ ఓహారా అనే ఇద్దరు మహిళలు బీచ్ శుభ్రం చేసే కార్యక్రమం పెట్టారు. 2,800 మంది వాలంటీర్లు వచ్చి 122 మైళ్ల తీరంలో 124 టన్నుల చెత్త తీశారు. అసలు విషయం ఏంటంటే వాలంటీర్ల చేతికి సంచితో పాటు ఒక కార్డు కూడా ఇచ్చారు. దొరికిన ప్రతి వస్తువునీ అందులో రాయాలి. సీసాలెన్ని, తాళ్లెన్ని, కప్పులెన్ని. ఎందుకంటే ఏ వస్తువో తెలిస్తేనే అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తెలుస్తుంది. చాలా చెత్త ఓడల నుంచి పడేసిందే అని చెప్పడానికి ఆ కార్డులే ఆధారం. ఓడల నుంచి సముద్రంలో ప్లాస్టిక్ పారేయకూడదన్న అంతర్జాతీయ నియమం 1988 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది. ఇప్పుడు మన దగ్గర కూడా ఏటా సెప్టెంబరు మూడో శనివారం జరిపే అంతర్జాతీయ తీర శుభ్రతా దినం ఆ టెక్సస్ కార్యక్రమం నుంచి పుట్టిందే.

బ్రిటన్‌లో కూడా 1990ల నుంచి వాలంటీర్లు ఇదే పద్ధతిలో ఏరి రాస్తున్నారు. వాళ్ల లెక్కల్లో ఒక వింత వస్తువు పదే పదే కనిపించింది. అది ఇయర్ బడ్ ప్లాస్టిక్ పుల్ల. బీచ్‌కి వచ్చి చెవి తిప్పుకునేది ఎవరు చెప్పండి? మరి వేల పుల్లలు ఎక్కడివి? ఇళ్లలో టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేసినవి. సన్నగా ఉంటాయి కాబట్టి శుద్ధి కేంద్రం జల్లెళ్లలోంచి జారిపోతాయి. వాన పడి డ్రైనేజీ పొంగినప్పుడు నేరుగా వచ్చేస్తాయి. అంటే ఇసుకలో ఒక పుల్ల కనిపిస్తే, ఆ నీళ్లలో కంటికి కనిపించనిది కూడా వచ్చిందని అర్థం. 2019లో స్కాట్లాండ్, 2020లో ఇంగ్లండ్ ప్లాస్టిక్ పుల్లల ఇయర్ బడ్స్‌ని నిషేధించాయి.

కథ మళ్లీ మొదటికొచ్చింది

ఇక్కడితో శుభం కార్డు వేస్తే బాగుండేది. కానీ బ్రిటన్ డ్రైనేజీ చాలా చోట్ల పాతకాలంది. వాన నీళ్లు, ఇంటి మురుగు ఒకే పైపులో వెళ్తాయి. కుండపోత వానకి ఆ పైపు నిండిపోతే మురుగు వెనక్కి తన్ని ఇళ్లలోకి వస్తుంది. అలా జరగకుండా పొంగినదాన్ని నదిలోకో సముద్రంలోకో వదలడానికి తూములు పెట్టారు. రూల్ ప్రకారం ఎప్పుడో అసాధారణమైన వానకే అవి తెరుచుకోవాలి.

నిజంగా ఎప్పుడు తెరుచుకుంటున్నాయి? చాలా ఏళ్లు ఎవరూ లెక్కపెట్టలేదు. తూములకి మీటర్లు పెట్టించాలని ఒత్తిడి తెచ్చారు. 2023 చివరికి ఇంగ్లండ్‌లో అన్ని తూములకీ మీటర్లు వచ్చాయి. ఆ ఒక్క ఏడాదిలో మురుగు వదిలిన సందర్భాలు 4,64,056. మొత్తం 36 లక్షల గంటలు. ఆ సంఖ్య బయటికొచ్చాక ఎప్పుడో ఒకసారి అనే మాట ఎవరు నమ్ముతారు?

సర్ఫర్ల సంఘం ఆ సమాచారాన్ని ఫోన్లలోకి తెచ్చింది. మీరు వెళ్లబోయే బీచ్‌లో మురుగు వదిలారా లేదా అని యాప్‌లో అలర్ట్ వస్తుంది. 2021 అక్టోబరులో కంపెనీల మీద గట్టి బాధ్యత పెట్టే సవరణని పార్లమెంటు దిగువ సభ తోసిపుచ్చింది. వెంటనే ఎవరు ఎటు ఓటేశారో ఆ పేర్ల జాబితా సోషల్ మీడియాలో ఊరూరా తిరిగింది. కొన్ని రోజుల్లోనే ప్రభుత్వం ఒక మెట్టు దిగి, చట్టంలో కొంత బాధ్యత చేర్చింది. చూశారా, 1960లో చిన్న పుస్తకంగా వచ్చిన ఐడియానే ఇది.

మన ఒడ్డున

ఇప్పుడు మన సంగతి. విశాఖ రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపుకి నీటి పరీక్షలు తప్పనిసరి. మంచి విషయం. కానీ మిగతా తీరం, మిగతా చెరువులు? హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ ఒడ్డు ఎంత ఊడ్చినా, కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చేది హుస్సేన్ సాగర్‌లోనే కదా కలిసేది.

కాబట్టి క్లీనింగ్‌కి వెళ్లడం మానొద్దు. వెళ్లేటప్పుడు సంచితో పాటు ఒక నోట్ బుక్ తీసుకెళ్లండి, లేదా ఫోన్‌లో ఒక షీట్ పెట్టుకోండి. ఏ వస్తువు ఎన్ని దొరికాయో ప్రతిసారీ ఒకే పద్ధతిలో రాయండి. ఒడ్డున తెరుచుకునే ప్రతి కాలువకీ తేదీ, చోటు తెలిసేలా ఫొటో తీయండి. ముఖ్యంగా మే నెలలో తీయండి. వాన చుక్క లేని ఎండాకాలంలో వాన నీటి కాలువ పారుతోందంటే, దాంట్లో పారేది వాన నీళ్లు కాదు కదా!

మన దేశంలో నదుల్లో స్నానానికి ప్రమాణం ఉంది. 100 మిల్లీలీటర్ల నీళ్లలో మలం నుంచి వచ్చే కోలీఫామ్ బ్యాక్టీరియా లెక్క 2,500 దాటకూడదు, 500 లోపుంటే మంచిది. మీ ఊరి నీళ్లలో ఎంతుందో 2005 సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలిని అడగొచ్చు. దరఖాస్తు ఫీజు పది రూపాయలు. పరీక్షే చేయలేదు అని జవాబు వస్తే, అది కూడా దాచిపెట్టుకోండి. 27 బీచ్‌ల కథ గుర్తుంది కదా, లిస్టులో లేకపోవడం కూడా ఒక సాక్ష్యమే.

ఇక మొదట్లో చెప్పిన ఆ కామెంట్. వచ్చే ఆదివారం మళ్లీ చెత్త వస్తుంది, నిజమే. వస్తే మళ్లీ రాయండి. ఒక వారం రాస్తే అది మీ అభిప్రాయం అంటారు. యాభై వారాలు రాస్తే ఆఫీసులో టేబుల్ మీద పెట్టి, దీనికి సమాధానం చెప్పండి సార్ అని అడగొచ్చు.

మీ ఊళ్లో ఏ కాలువ ఎక్కడ కలుస్తుందో మీకు తెలిస్తే కింద కామెంట్‌లో రాయండి. నేను తప్పకుండా చదువుతాను. క్లీనింగ్‌కి వెళ్లే మీ ఫ్రెండ్‌కి ఈ ఎపిసోడ్ పంపండి.